తాబేలు మాట్లాడిన రెండో భాగం

జనగామలో రైల్వే స్టేషన్‌కు కొంచెం దూరంలో ఒక టాకీసు ఉండేది. అందులో మా బాపు ఆపరేటర్. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఆ టాకీసుకు ఒక బొమ్మల సినిమా వచ్చింది. ఎక్కడో వేరే దేశంలో చేత్తో గీసి తీసిన సినిమా. పొద్దుటి ఆటకు వారం రోజులు వేశారు. జనం రాలేదు. ఫైటింగులు, పాటలు లేని సినిమాకు టికెట్టు కొనుక్కుని ఎవరొస్తారు? మూడో రోజుకు కింద బెంచీల మీద పదిమంది కూడా లేరు. నేను మాత్రం ఏడు రోజులూ చూశాను. బాపు పక్కన, క్యాబిన్‌లో, గోడకున్న చిన్న కిటికీలోంచి.

కథ చాలా చిన్నది. గుంపుతో కలిసి పోతున్న ఒక కొంగ, రెక్కకు దెబ్బ తగిలి, ఏటి ఒడ్డున పడిపోతుంది. గుంపు ఆగదు. ఆ ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంటుంది. చలికాలమంతా రెండూ కలిసి గడుపుతాయి. తాబేలు చేపలెక్కడుంటాయో చూపిస్తుంది, గాలి వీస్తే అడ్డంగా వచ్చి కూర్చుంటుంది. రెక్క బాగయ్యాక కొంగ ఎగిరిపోతుంది. అంతే. మొదట్లో ఒక గొంతు నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది, ఆ తర్వాత సినిమాలో మాటలే లేవు. చివర్లో కొంగ ఎగురుతుంటే తాబేలు మెడ సాచి పైకి చూస్తుంది. మరుక్షణం అక్కడ తాబేలు ఉండదు. ఉత్త ఇసుక, పక్కన పారే నీళ్లు.

ఏడు సార్లూ అక్కడికి వచ్చేసరికి నేను కిటికీకి ముఖం ఆనించి ఆ ఇసుకలో తాబేలు కోసం వెతికేదాన్ని. తాబేలు ఎటుపోయిందో చెప్పకుండా వదిలేయడం నాకు భయంగానూ ఉండేది, బాగానూ ఉండేది.

క్యాబిన్‌లో మిషన్ చప్పుడుకు తెర మీది మాటలు సరిగా వినపడవు. అందుకని బాపు ఏ సినిమాకైనా తన మాటలే వేసుకునేవాడు. తెర మీద కథానాయకుడు తల్లి ముందు నిలబడి పెదాలు కదిలిస్తుంటే, ఇక్కడ బాపు, "అవ్వా, ఆకలైతాంది, జర బువ్వ పెట్టు" అనేవాడు. ఎప్పుడైనా కింద బెంచీ మీద కూర్చుని అదే సినిమా చూస్తే, ఆ కథానాయకుడు పుస్తకాల మాటలు మాట్లాడేవాడు. వాడే తప్పు చెబుతున్నాడని నాకు అనిపించేది. బొమ్మల సినిమాకు మాత్రం బాపు మాటలు వేయలేదు. ఎందుకని అడిగాను.

"అవే మాట్లాడుకుంటలేవు గద బిడ్డా. నడుమ మనమెందుకు?" అన్నాడు.

నేను పెద్దయి టీచర్‌నయ్యాను. నెల్లికుదురు దగ్గర ఒక తండాలోని బడికి పోస్టింగు వచ్చింది. మహబూబాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని, రోజూ ఆటోలో పోయి వచ్చేదాన్ని. అప్పటికి టాకీసు మూతపడింది, అమ్మ పోయింది. బాపు నాతోనే ఉండేవాడు. తండా పిల్లలు ఇళ్లలో లంబాడీ మాట్లాడతారు. బడిలో అడుగుపెట్టాక తెలుగే మాట్లాడాలని నేను మొదటి ఏడాదిలోనే నియమం పెట్టాను. వాళ్ల మంచికే అనుకున్నాను. కొందరు త్వరగా పట్టుకున్నారు. కొందరు మాట్లాడడమే మానేశారు. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రాత ముత్యాల్లా ఉండేది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పేది కాదు. వాళ్ల అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఇండ్లు కట్టే పనికి పోయారు, ఆమె నానమ్మ దగ్గర ఉండేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. అందరూ పనులు ఆపి సమ్మెలోకి దిగారు. బడులు మూతపడ్డాయి. ఇంట్లో కూర్చుంటే బాపుకు తోచదని, బస్సులు ఇంకా తిరుగుతున్నప్పుడే ఆయన్ను తీసుకుని భూపాలపల్లిలో మా అక్క దగ్గరికి పోయాను. రెండు రోజులుండి వద్దామనుకున్నాం. ఆలోపు బస్సులు కూడా ఆగిపోయాయి. అక్కడే చిక్కుకున్నాం.

మా బావ బొగ్గు గనిలో పనిచేస్తాడు. గనులూ బంద్. ఎప్పుడూ ఏదో ఒక షిఫ్టుకు పరిగెత్తే మనిషి ఇంటిపట్టున ఉండడం అక్క పెళ్లయ్యాక అదే మొదటిసారి. పొద్దున నేనూ బావా సెంటర్లో వేసిన దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లం. అక్క వాళ్లు నిరసనగా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేసేవాళ్లు. మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లం. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. చుట్టూ బొగ్గు ఉన్న ఊళ్లో కూర్చుని కరెంటు కోసం ఎదురుచూసేవాళ్లం.

అక్కకు ఒక కూతురు, ఎనిమిదేళ్లు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు రాగానే అది ఒక డీవీడీ పట్టుకొచ్చి, "చిన్నమ్మా, నా సినిమా చూద్దువు రా" అంది. డబ్బా మీద కొంగ, తాబేలు.

నేను నమ్మలేకపోయాను. బాపుకు చూపించాను. ఆయన కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "గిది మనదే బిడ్డా" అన్నాడు. తీరా చూస్తే మనది కాదు. అది రెండో భాగం. మొదటి సినిమా వచ్చిన ఎన్నో ఏళ్లకు, ఈసారి కంప్యూటర్‌లో బొమ్మలు చేసి తీశారట. అదే డబ్బాలో మొదటి భాగం డిస్కు కూడా ఉంది. పిల్ల దాన్ని ఒక్కసారి పెట్టి, మాటల్లేవని తీసేసిందట.

రెండో భాగం వేసుకున్నాం. కొంగ పిల్లలతో కలిసి ఆ ఏటికి తిరిగొస్తుంది. రంగులు మెరిసిపోతున్నాయి, ప్రతి ఈకా విడివిడిగా కనబడుతోంది. కానీ ఇందులో అందరూ మాట్లాడతారు, తెలుగు డబ్బింగు. తాబేలైతే ఆపకుండా మాట్లాడుతుంది. నువ్వు పోయిన రోజున నాకెంత బాధేసిందో తెలుసా అని మొదలుపెట్టి, నేను చిన్నప్పుడు కిటికీలోంచి చూసి నాకు నేను తెలుసుకున్నదంతా వరసగా చెప్పుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

అంతలో ఒక కప్ప వచ్చింది. లావుగా ఉంటుంది, తిండిపోతు, పిరికిది. అది నోరు తెరవగానే మా బావ గ్లాసు కింద పెట్టాడు. కొంగ, తాబేలు, పిల్లలు అందరూ పుస్తకంలోలా శుభ్రంగా మాట్లాడుతుంటే, కప్ప ఒక్కటే మాలాగా మాట్లాడుతోంది. "నాకు జర బుగులైతాందన్నా" అని భయపడుతుంది. అనగానే మిగతా జంతువులన్నీ పడీ పడీ నవ్వుతాయి.

పిల్ల కూడా నవ్వింది. నవ్వి, మా వైపు చూసి ఆపేసింది.

"తాతా, కప్ప నీలెక్కనే మాట్లాడుతాంది గద" అంది.

బావే ముందు నోరు తెరిచాడు. "ఆడ రోడ్డు మీద కూసొని కొట్లాడవట్టి నెలాయె. ఈడ ఇంట్లకొచ్చి కప్పతోని తిట్టిపిస్తాండ్రు" అన్నాడు. కోపంగా కూడా కాదు, అలసటగా అన్నాడు. బాపు లేచి వాకిట్లోకి పోయాడు. ఇంకో పావుగంటకు కరెంటే పోయింది.

మర్నాడు బాపు తనంతట తానే మొదటి భాగం పెట్టమన్నాడు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నేను చివరి దృశ్యం కోసం ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. కొంగ ఎగిరింది. తాబేలు మెడ సాచింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, ఇసుక మీద గీతలు పడేలా ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయి నీళ్లలోకి దిగింది. అప్పుడు ఉత్త ఇసుక.

"ఇదేంది? ఇది లేకుండె గద!" అన్నాను.

బాపు కొంచెం తడబడ్డాడు. "మన దగ్గరికి వచ్చిన్నాడే, మొదటి ఆటకు ముందు, చూసుకుంటాంటే రీలు మిషన్ల చిక్కుకున్నది బిడ్డా. ఓ పదిహేనడుగుల రీలు నలిగి ముక్కలైంది. కోసి అతికిచ్చిన. తాబేలు నడిచి పోవుడంతా గా ముక్కలల్లనే పాయె."

ఇన్నేళ్లూ నేను ఆ సినిమా తీసినవాళ్ల గొప్పతనం అనుకున్నది మా బాపు వేసిన అతుకు. నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నాకు అతుకు పడిందే బాగుంటుంది. తాబేలు నడక కూడా మంచిదే, తప్పు పట్టడానికి లేదు. కానీ నేను ప్రేమించింది దాన్ని కాదు. రెండో భాగం మొదటిదానికి సాటి రాదని వాదించడానికి ముందు, మొదటిది ఏదో నాకే సరిగా తెలియదన్నమాట.

పిల్ల మాత్రం తాత ఒళ్లోంచి లేచి తీర్పు చెప్పేసింది. "రెండోదే మంచిగుంది. దీంట్ల కొంగ పోయి మల్ల రాదు."

"రాకుంటేనే కథ బిడ్డా" అన్నాడు బాపు.

"రాకుంటే ఏం కథ?" అంది అది.

సమ్మె ముగిశాక మహబూబాబాద్ వచ్చేశాం. ఆ రెండు డిస్కులూ అడిగి తెచ్చుకున్నాను. చాలా రోజుల తర్వాత బడి తెరిచారు కదా, పిల్లలు చదువు మీద నిలవడం లేదు. బడిలో ఒక టీవీ ఉండేది. ఇంట్లో ఉన్న ప్లేయర్ తీసుకుపోయి సినిమా వేద్దామనుకున్నాను. "నేను గూడ వస్త" అన్నాడు బాపు. చొక్కా మార్చుకుని, దువ్వుకుని, డ్యూటీకి పోయినట్టు బయలుదేరాడు.

మొదటి రోజు మొదటి భాగం వేశాం. అరవైమంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. ముందు గుసగుసలు, తర్వాత అవీ ఆగిపోయాయి. గుంపు ఆగకుండా పోయే చోట ఎవరో చిన్నగా మూలిగారు. అయిపోయాక ఏడో తరగతి అమ్మాయి మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుని ఉంది. ఎందుకేడుస్తున్నావని అడిగితే లేచి బయటికి పోయింది.

రెండో రోజు రెండో భాగం. దాన్ని వేయడానికి ముందు నేను ఒక ఉపన్యాసమే ఇచ్చాను. ఇందులో ఒక కప్ప ఉంటుందని, దాని నోట మన భాష పెట్టి వెక్కిరిస్తారని, ఎన్నో ఏళ్లుగా సినిమాల్లో ఇలాగే చేస్తున్నారని, అందుకే కొట్లాడుతున్నామని చెప్పాను. శిబిరంలో మాట్లాడిన వేడి నాలో ఇంకా ఉంది. పిల్లలు బుద్ధిగా విన్నారు. సినిమా మొదలైంది. కప్ప వచ్చింది, మాట్లాడింది. ఒక్కరూ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

నేను సినిమా ఆపి అడిగాను. "ఇందులో మనలెక్క మాట్లాడింది ఎవరు?"

మళ్లీ అడిగాను. అప్పుడు ఏడో తరగతి అమ్మాయి లేచి నిలబడింది. ఆమె గొంతు నేను సరిగా వినడం అదే మొదలు.

"అన్ని తెలుగే మాట్లాడుతానయ్ గద టీచర్."

"కాదమ్మా. కప్ప మాట్లాడేది మన భాష. మిగతావి వేరే తీరు మాట్లాడుతున్నాయి."

ఆమె కొంచెం ఆలోచించింది. "గది మీ భాష టీచర్. మాది గాదు" అంది.

ఎదురు చెప్పినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పింది. గదికి వెనక కుర్చీలో కూర్చున్న బాపు పెద్దగా నవ్వాడు.

"పిల్ల నిజం జెప్పింది. నువ్వు దాని నోరు మూసి, నీ నోరు మూసిండ్రని కొట్లాడవడితివి" అన్నాడు.

అరవైమంది పిల్లల ముందు నా ముఖం ఎర్రబడింది. ఆ క్షణంలో బాపు మీద కోపమే వచ్చింది. ఆయన పట్టించుకోలేదు. లేచి వచ్చి టీవీ గొంతు పూర్తిగా తగ్గించి, సినిమా మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. టీవీ పక్కన నిలబడి, "కప్పకు నేను చెప్త" అన్నాడు.

కప్ప తెర మీదికి రాగానే బాపు మొదలుపెట్టాడు. అవే భయాలు, అదే తిండి యావ. కానీ బాపు గొంతులో ఆ కప్ప మా జనగామ బజారులో కనబడే పెద్దమనిషిలా ఉంది. భయపడుతుంది కానీ సిగ్గుపడదు. "బుగులైతాంది. ఎందుకు గాదు? గంత పెద్ద పామున్నది, నీకు గాదా?" అని మిగతావాళ్లను దబాయించింది. పిల్లలు పకపకా నవ్వారు. పిరికితనం ఉన్నా కప్ప వాళ్లకు నచ్చింది.

"తాబేలుకు ఎవలు జెప్తరు?" అని బాపు అడిగాడు. ఎవరూ లేవలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను ఏం చేయాలో నాకు తెలుసు. "మీ భాషలో చెప్పండి. లంబాడీలోనే" అన్నాను.

ఏడో తరగతి అమ్మాయి ముందుకు వచ్చింది. ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తెర మీద కొంగ తిరిగొచ్చి ఒడ్డున వాలింది. తాబేలు నోరు తెరిచింది. అమ్మాయి కూడా తెరిచింది. "యాడీ" అంది. అంటే అమ్మ అని. ఆ మాట నాకు తెలుసు. తర్వాతి మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ముందు మెల్లగా, తర్వాత వేగంగా, వేలెత్తి చూపిస్తూ, ఆ కొంగను తిట్టడం మొదలుపెట్టింది. తాబేలు నోరు మూసుకున్నాక కూడా ఆమె ఆగలేదు. కొందరు పిల్లలు నవ్వారు. కొందరు నవ్వడం ఆపి చూస్తున్నారు. నా పక్కనున్న చిన్నపిల్లను ఏమంటోందని అడిగాను. ఆ పిల్ల నా చెవిలో చెప్పింది:

"ఇన్నొద్దులు యాడ వోయినవంటాంది. జరమొస్తే నెత్తి మీద తడిగుడ్డ ఎవలేసిండ్రంటాంది. పండుగకు వస్తనని రాలేదంటాంది. మల్ల పోతే ఊకోనంటాంది."

సినిమా ముందుకు జరిగి ఇంకో దృశ్యంలోకి వెళ్లిపోయింది. అమ్మాయి ఒక్కసారి తెర వైపు చూసుకుని, సిగ్గుపడి, పోయి చాప మీద కూర్చుంది. బాపు కప్ప మాటలు కొనసాగించాడు. కొంగ పిల్లలకు ఇంకో నలుగురు లేచారు. సినిమా అయ్యేసరికి మధ్యాహ్నం భోజనం గంట దాటిపోయింది, వంటామె వచ్చి కోప్పడింది.

ఆ మర్నాడు నియమం తీసేశాను. పెద్దగా ప్రకటించలేదు. ఒక పిల్లాడు లెక్క అర్థం కాక పక్కవాడిని లంబాడీలో అడుగుతుంటే ఊరుకున్నాను. మరో పదిరోజులకు పిల్లలంతా నేను ఊరుకుంటున్నానని గమనించి గదంతా సందడి చేశారు. కొన్ని మాటలు నేనూ నేర్చుకున్నాను, నా పలుకు విని వాళ్లు నవ్వేవారు. నవ్వితే ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలిసింది. ఆ అమ్మాయి వాళ్లమ్మ ఎండాకాలంలో తిరిగొచ్చింది. నానమ్మకు చేతకావడం లేదని వచ్చింది, సినిమాకూ దానికీ సంబంధం లేదు. మళ్లీ హైదరాబాద్ పోలేదు.

బాపు ఆ రెండో భాగం గురించి తర్వాత ఎవరడిగినా ఒకే మాట చెప్పేవాడు. "సినిమా మంచిగ లేదు. మేం ఆడిచ్చిన ఆట మంచిగున్నది."

రాష్ట్రం వచ్చింది. కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున మహబూబాబాద్ స్టేషన్లో ఆ అమ్మాయి కనిపించింది. పక్కన వాళ్లమ్మ, సంచీ పట్టుకుని ఉంది. జనగామలో ఒక దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిందట, చేరడానికి పోతున్నారు. రైలు ఆలస్యం. ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. మాటల్లో సినిమా సంగతి వచ్చింది.

"రెండిట్ల ఏది మంచిగనిపిచ్చింది నీకు?" అని అడిగాను.

"మొదటిది చూసి ఏడ్చిన టీచర్. రెండో దాంట్ల తిట్టిన" అంది.

"అయినా సినిమాగా చూస్తే మొదటిదే గొప్పది" అన్నాను.

"మీరెప్పటికీ టీచరే" అని నవ్వింది.

వాళ్లమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఎవలిని తిట్టింది టీచరమ్మా?" అని అడిగింది. అమ్మాయి నా చెయ్యి నొక్కింది. కొంగనని చెప్పాను. "కొంగనా?" అని ఆమె నమ్మనట్టు చూసింది.

రైలు వచ్చింది. వాళ్లమ్మే ముందు ఎక్కి, కిటికీ పక్క చోటు ఆపి, కూతుర్ని అందులో కూర్చోబెట్టి, సంచీ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది.